సోమవారం వేసిన అతుకు

రెండు తలలు. ఒకే పేరు.

ల్యాప్‌టాప్ మూసేసినా ఆ రెండు బొమ్మలు స్రవంతి కళ్ల ముందు నుంచి కదలడం లేదు. ఒకటి మార్చిలో తీసిన స్కాన్. ఇంకొకటి పోయిన గురువారం తీసింది. రెండూ హైదరాబాద్‌లో ఒకే మిషన్ మీద తీసినవే. రెండింటి మూలనా తెల్లటి అక్షరాల్లో ఒకే పేరు: బాలకిష్టయ్య, 58, గద్వాల. ఆమె తండ్రి.

మార్చిలో ఆయన మెదడులో ఇనుము పేరుకుపోయిందన్నారు. చేతి వణుకుకు మూలం అదేనన్నారు. ఆ ఇనుమును బయటికి లాగే గోలీలు రాశారు. ఎనిమిది నెలలు పూట తప్పకుండా మింగాడు బాలకిష్టయ్య. ఇప్పుడు రక్తంలో తెల్లకణాలు పడిపోయి, నాలుగు రోజులుగా జ్వరంతో గద్వాల దవాఖానలో ఒక విడి గదిలో పడి ఉన్నాడు. తీరా రెండో స్కాన్‌లో చూస్తే ఇనుము ఆ వయసు మనిషికి ఉండాల్సినంతే ఉంది. గింజంత కూడా ఎక్కువ లేదు.

స్రవంతి వనపర్తిలో ఒక స్కానింగ్ సెంటర్‌లో టెక్నీషియన్. రోజుకు పాతిక తలలు చూస్తుంది. నిన్న మధ్యాహ్నం ఆమె ఆ రెండు స్కాన్లనూ పక్కపక్కన పెట్టి, మెదడును వదిలేసి నుదురు చూసింది. నుదుటి ఎముకలో గాలి గదులుంటాయి. వేలిముద్రల్లాగే ఎవరివి వాళ్లవే. మొదటి స్కాన్‌లో అవి విప్పారిన తామరాకుల్లా ఉన్నాయి. రెండో స్కాన్‌లో చిక్కుడు గింజలంత ఉన్నాయి.

ఎనిమిది నెలల్లో ఇనుము తగ్గొచ్చు. ఎముక మారదు.

అంటే మార్చిలో నాన్న పేరుతో ఆ మిషన్‌లో పడుకున్నది నాన్న కాదు.

మరి ఎవరు?

* * *

"చాయ్ తాగు ముందు. మొఖం సూడు, ఎట్లయిపోయిందో," అంటూ ఎల్లమ్మ గ్లాసు అందించింది.

దవాఖాన వరండాలో తల్లీకూతుళ్లు బల్ల మీద కూర్చున్నారు. పొద్దున తొమ్మిదయింది. స్రవంతి ఎడమ చేత్తో గ్లాసు అందుకుంటూ కుడి చేత్తో ఫోన్ చూసుకుంటోంది. గ్లాసు జారింది. చాయ్ అంతా బండల మీద పారింది.

"అయ్యో, మల్ల పడేసినవా! నిద్ర లేకపోతే గట్లనే అయితది," ఎల్లమ్మ కొంగుతో కూతురి చెప్పులు తుడవబోయింది. "ఏముందే ఆ ఫోన్ల? పొద్దుగాల నుంచి గుడ్లప్పగించి సూస్తున్నవ్."

"ఏం లేదమ్మా."

అప్పుడే ఫోన్ మోగింది. డాక్టర్ దీపిక. హైదరాబాద్‌లో బాలకిష్టయ్యకు వైద్యం చేస్తున్న నరాల డాక్టర్. స్రవంతి లేచి వరండా చివరికి నడిచింది.

"నువ్వు పంపింది చూశాను," దీపిక గొంతులో నిద్ర లేదు. "నువ్వు చెప్పింది నిజమే. అవి ఒకే మనిషివి కావు."

"ఫైళ్లు కలిసిపోయి ఉంటాయా మేడం?"

"నేనూ అదే అనుకున్నాను. ఆ రోజు ఆ మిషన్ మీద తీసిన తొమ్మిది మందివీ తెప్పించి చూశాను. ఎనిమిదీ ఎవరివి వాళ్లకు సరిపోయాయి. ఈ తొమ్మిదో తల ఒక్కటే ఎవరిదో తెలియడం లేదు."

"గోలీల వల్ల తగ్గిందేమో అని..."

"ఆ గోలీలు ఏడాదిలో నాలుగో వంతు తగ్గిస్తే గొప్ప. ఇక్కడ మూడు వందల ఎనభై ఉన్న లెక్క నూట యాభైకి వచ్చింది. అలా జరగదు."

ఆ లెక్క ఎలా వస్తుందో స్రవంతికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇనుము అందరి మెదడులోనూ కొంత ఉంటుంది. అది ఉన్నచోట మిషన్ అయస్కాంతపు పట్టు వెంట్రుకవాసి వంకర పోతుంది. ఆ వంకరను కొలిచి, ఎక్కడ ఎంత ఇనుము ఉందో లెక్క కడతారు. తల కోయకుండా, సూది గుచ్చకుండా. మిషన్ అబద్ధం చెప్పదని రోజూ పేషెంట్లకు ధైర్యం చెప్పేది తనే. మిషన్ నిజమే చెప్పింది. కాకపోతే వేరే మనిషి గురించి చెప్పింది.

"స్రవంతీ, మీ నాన్నకు గోలీలు ఆపేశాం. కణాలు మళ్లీ పెరుగుతాయి. నా భయం ఆయన గురించి కాదు. మార్చిలోనే ఒక మాట రాసుకున్నాను. ఈయన మెదడు వయసుకు మించి నిండుగా ఉంది, అదృష్టవంతుడు అని. అది అదృష్టం కాదు. ఆ తల పడుచువాడిది. ముప్పై, ముప్పై అయిదు దాటి ఉండవు. పైగా ఆ నల్లటి మచ్చ మధ్యలో ఒక తెల్లటి చుక్క ఉంది. మేం దాన్ని పులికన్ను అంటాం. యాభై ఎనిమిదేళ్ల మనిషిలో అది కనిపించదని నేనే పక్కన పెట్టేశాను. నాదే తప్పు."

"అంటే?"

"అంటే అది ముసలితనంతో వచ్చే జబ్బు కాదు. పుట్టుకతో వచ్చేది. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం. మేనరికాలున్న ఇళ్లలో ఎక్కువ. చేయి పట్టు తప్పుతుంది, తర్వాత కాలు, తర్వాత మాట. ఆ మనిషి ఎక్కడో తిరుగుతున్నాడు. తనకు జబ్బుందని అతనికే తెలియకపోవచ్చు. అతన్ని పట్టుకో. దొరికితే అతని తోబుట్టువులను కూడా చూడాలి."

ఫోన్ పెట్టేశాక స్రవంతి అక్కడే గోడకు ఆనుకుని నిలబడిపోయింది. పడుచువాడు. మేనరికం. తమ వీధిలో సగం ఇళ్లలో మేనరికమే. తన తల్లి కూడా తండ్రికి మేనత్త కూతురే. ఎవరని వెతకాలి?

నాన్నను నిన్న సాయంత్రమే అడిగింది. "నువ్వే పోయినవా నాయినా?" అంటే, "నేను గాక ఇంకెవరు పోతరు బిడ్డా?" అన్నాడు. కళ్లు మాత్రం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

ఆ రోజు సాక్ష్యం చెప్పేవాళ్లు లేరు. మార్చి నెల, సోమవారం. శుక్రవారం స్రవంతి పెళ్లి. పెళ్లి సెలవుకు ముందు ఆమె వనపర్తిలో ఆఖరి డ్యూటీలో ఉంది. ఎల్లమ్మ శుభలేఖలు పట్టుకుని తిమ్మాజిపేటలో చెల్లెలి ఇంటికి పోయింది. తమ్ముడు భరత్ ఎప్పట్లాగే ఆటో మీద పోయి ఉంటాడు. ఇంట్లో నాన్న, మగ్గం.

మగ్గం!

స్రవంతి గోడ వదిలి నిటారుగా నిలబడింది. ఆ మగ్గం మీద ఆ రోజు ఉన్నది తన పెళ్లి చీర.

* * *

అరగంటలో ఇంటికి పోయి వచ్చింది. మూతికి మాస్కు కట్టుకుని, చేతులు కడుక్కుని గదిలోకి అడుగు పెట్టేసరికి బాలకిష్టయ్య దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఎముకల మీద చొక్కా వేలాడుతోంది. కుడి చేయి ఒళ్లో దానంతట అది వణుకుతోంది.

"ఏం దెచ్చినవ్ సంచిల? జొన్నరొట్టె గిట్ల దెచ్చినవా? ఈ దవాఖాన ఇడ్లీలు రాళ్ల లెక్క ఉన్నయ్."

స్రవంతి సంచిలోంచి చీర తీసి మంచం మీద పరిచింది. ఆకుపచ్చ నూలు ఒళ్లు, వంగపండు రంగు పట్టు కొంగు. ఇంట్లో ఎంత పేదరికమైనా గద్వాల నేతగాడు కూతురి పెళ్లి చీర బయట కొనడు.

మడత విప్పుతుంటే ఒక కుచ్చు ఆమె ఎడమ చేతి వేళ్లలోంచి జారిపోయింది. మళ్లీ పట్టుకుంది. ఒళ్లూ కొంగూ కలిసే చోటు దొరికేదాకా లాగి, అక్కడ వేలు పెట్టింది.

"ఈ అతుకు ఎవరి చెయ్యి నాయినా?"

గద్వాల చీరకు ప్రాణం ఆ అతుకులోనే ఉంది. ఒళ్లు నూలు, కొంగు పట్టు. నూలు పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోయిన చోట ఒక్కో నూలు పోగునూ ఒక్కో పట్టు పోగుతో మెలిపెట్టి కలపాలి. వేల పోగులు. వేళ్లకు బూడిద అద్దుకుని కూర్చుంటే పొద్దున మొదలుపెట్టిన పని పొద్దుగూకితే గానీ తెమలదు. ఒక్కో చేతి మెలి ఒక్కో బిగువు. మధ్యలో చేయి మారితే మొదటి ఉతుకులోనే అక్కడ గీత ముడుచుకుంటుంది. అందుకే మొదలుపెట్టిన చెయ్యే ముగించాలి. మధ్యలో లేవరు. ఇంటికి చుట్టం వచ్చినా లేవరు.

ఈ చీర మూడుసార్లు ఉతికింది. అతుకు నీళ్లలా సాపుగా ఉంది.

బాలకిష్టయ్య చీరను చూశాడు. కూతురిని చూశాడు. ఏదో ఉచ్చు ఉందని అర్థమైంది. కానీ అది ఎక్కడుందో అర్థం కాలేదు.

"చెన్నయ్య మామ వేసిండా?" అంది స్రవంతి, తేలిగ్గా. చెన్నయ్య మగ్గం మీద నాన్నకు జోడీ.

"చెన్నయ్యనా?" బాలకిష్టయ్య గొంతు లేచింది. "చెన్నయ్య జన్మల ఏస్తడా గిసుంటి అతుకు? వాడు మెలిపెడితే కొంగు కాదు, గోనెసంచి అయితది. సూడు, గోరు తాకిచ్చి సూడు. ఏడనన్న తడుతదా? నాది. నా చెయ్యి."

"మొత్తం నీదేనా?"

"మొదటి పోగు నుంచి ఆఖరి పోగు దాక."

"ఆదివారం నేను డ్యూటీకి పోయేటప్పుడు కొంగు పోగులు ఇంకా అతకలే. సోమారం రాత్రి నేనొచ్చేసరికి అయిపోయింది. నడుమ ఉన్నది ఒక్క పగలు," స్రవంతి నెమ్మదిగా అంది. "ఆ పగలంత నువ్వు హైదరాబాద్ల మిషన్ల పండుకున్నవు గద నాయినా?"

బాలకిష్టయ్య కుడి చేయి వణుకు ఎక్కువైంది. దాన్ని ఎడమ చేత్తో పట్టుకున్నాడు. అబద్ధం చెప్పి తప్పించుకోవాలంటే ఒక్కటే దారి. ఆ అతుకు తనది కాదనాలి. ఆయన ఆ మాట అనలేడని స్రవంతికి తెలుసు.

"మొదలుపెట్టిన బిడ్డా," అన్నాడు. "తెల్లారుజామున ఊకనే కూసున్న. రెండు వందల పోగులు పడినయ్. అప్పుడు యాదికొచ్చింది, ఇయ్యాల స్కాన్ ఉందని. చెయ్యి తీస్తె చీర పాడైతది. నీ పెండ్లి చీర. ఈ చేతులు మల్ల ఏస్తయో ఏయవో తెల్వదు. పోగులు పట్టుకున్నప్పుడు ఒక్కటే వణుకతలేవు."

"నాకు ఫోన్ చేయొచ్చు గద! ఇంకో రోజు పెట్టిస్తుంటి."

"తారీఖు తప్పితే పేరు కొట్టేస్తరని నువ్వే చెప్పినవ్. నా బిడ్డ ఇంత తిప్పలవడి పేరు రాయిస్తె, తప్పిపాయెనంటే నీకెంత మాట?" ఆయన తల వంచుకున్నాడు. "అయినా రోగం డాక్టరమ్మ నా చెయ్యి సూసి ముందుగాలనే చెప్పింది. ఫోటో ఉత్తదనుకున్న. తలకాయ ఎవలదైతే ఏంది, లోపల అందరికి ఉండేది గదే గద!"

స్రవంతికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఉత్త ఫోటో కోసం ఎవరి జబ్బుకో గోలీలు మింగి, చావు దాకా పోయి వచ్చాడు.

"ఎవర్ని పంపినవ్?"

"చెన్నయ్యను. నా ఈడోడే. ఆధార్ కార్డు చేతికిచ్చి పంపిన."

చెన్నయ్యకు యాభై అయిదు. మరి ఆ పడుచు తల?

* * *

చెన్నయ్య వరండాలోనే ఉన్నాడు. ముప్పై ఏళ్లుగా బాలకిష్టయ్యతో ఒకే మగ్గం మీద జోడీగా కూర్చుని, పోగుల మధ్య అటూ ఇటూ తిరిగే నాడె అందించిన మనిషి. జ్వరం వచ్చినప్పటి నుంచి పొద్దునే వచ్చి సాయంత్రం దాకా ఇక్కడే ఉంటున్నాడు. స్రవంతిని చూడగానే లేవబోయాడు. కుడి కాలు వంగక, గోడ పట్టుకున్నాడు.

ఆ కాలు చూడగానే స్రవంతికి మిగతా కథ సగం అర్థమైంది. రెండేళ్ల కిందట ధరూర్ దారిలో మోటారుసైకిల్ మీద నుంచి పడితే ఆ కాల్లో రాడ్ వేశారు.

"మామా, నిన్ను మిషన్ల ఎట్ల పండుకోబెట్టిండ్రు? కాలుల రాడ్ ఉంది గద!"

చెన్నయ్య చుట్టూ చూశాడు. "ఎవలు చెప్పిండ్రు నీకు?"

"నాయిన చెప్పిండు. నువ్వు చెప్పు."

"పండుకోబెట్టలే బిడ్డా. తలుపు కాడ నర్సమ్మ అడిగింది, ఒంట్లె ఇనుము గిట్ల ఉందా అని. ఉన్నది ఉన్నట్టు చెప్పిన. నడువు బయటికి అన్నది. ఇంతదూరం రైలెక్కొచ్చి ఉత్త చేతుల్తోటి పోతె బాలన్నకు ఏం చెప్పాలె? పరేషాన్ అయి కూసున్న."

"ఆ తర్వాత?"

చెన్నయ్య భుజం మీద తువ్వాల తీసి దులిపి మళ్లీ వేసుకున్నాడు.

"మామా, మీ నాటకం వల్ల నాయిన సావు దాక పోయొచ్చిండు. ఆ తల ఎవనిదో వాని మెదడుల రోగముంది. పెద్ద రోగం. వానికి మందు ఇయ్యాలె. ఇయ్యకపోతే వాని చెయ్యి పోతది, కాలు పోతది, మాట పోతది. ఎవరు వాడు?"

చెన్నయ్య మొహంలో రక్తం దిగిపోయింది. "రోగమా? అది... అది బాలన్నది గాదా?"

"కాదు."

ఆయన కాలు లాక్కుంటూ బల్ల మీద కూలబడ్డాడు.

"అన్నం యాళ్ల అయ్యింది," అన్నాడు. "తలుపు కాడ నర్సమ్మ పోయి ఇంకొకామె వచ్చింది. 'నాకియ్యి మామా చీటి, నేను పండుకుంట, అరగంట పనేనంట గద' అన్నడు. మూతికి మాస్కు, నెత్తికి టోపీ, వాళ్లిచ్చిన నీలి అంగీ. లోపల పేరొక్కటే అడిగిండ్రంట. వాడు నవ్వుకుంట పోయిండు, నవ్వుకుంట వచ్చిండు. నాకేం తెల్వదు బిడ్డా, నీ కాళ్లు మొక్కుత..."

"ఎవరు మామా?"

"ఎవరేంది?" చెన్నయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకు తోడు పంపింది ఎవల్ని? మీ భరత్‌నే గద!"

* * *

భరత్. ఆమె తమ్ముడు. మగ్గం వద్దని గద్వాల, ధరూర్ మధ్య ఆటో నడుపుకునే ముప్పై ఏళ్ల భరత్. మాఘమాసంలో పెళ్లి పెట్టుకున్న భరత్.

పరిచిన చీర నాన్న గదిలోనే ఉంది. స్రవంతి లోపలికి పోయి, బాలకిష్టయ్య అడిగిందానికి జవాబు చెప్పకుండా చీరను చుట్టచుట్టి ఎడమ చేత పట్టుకుని బయటికి వచ్చింది. దవాఖాన వెనక నీళ్ల ట్యాంకు దగ్గర ఎవరూ లేరు. కుడి చేత్తో ఫోన్ కలిపింది.

"అక్కా, జల్ది చెప్పు. ఆటోల పత్తి ఏరెటోళ్లు ఉన్నరు," ఇంజన్ చప్పుడు మధ్య భరత్ గొంతు వినిపించింది.

"పక్కకు ఆపు."

"నాయినకేమైంది?"

"నాయిన బాగనే ఉన్నడు. నువ్వు ఆటో ఆపు ముందు."

ఇంజన్ ఆగింది. "ఏం పిలగా, నడిమిట్ల ఆపినవ్? పత్తి మేం ఏరాల్నా, నీ ఫోన్ అయ్యేదాక అదే రాలాల్నా?" అని వెనక నుంచి ఒక ఆడమనిషి అరిచింది. మిగతావాళ్లు నవ్వారు.

"మార్చిల మిషన్ల పండుకున్నది నువ్వా?"

నవ్వులు దూరమయ్యాయి. భరత్ దిగి నడుస్తున్నట్టున్నాడు.

"మామ చెప్పిండా?" అన్నాడు. గొంతులో ఆశ్చర్యం లేదు. అది స్రవంతిని ఇంకా భయపెట్టింది.

"నాయిన రిపోర్టు వచ్చినప్పుడన్న నోరు తెరవొద్దారా?"

"నవ్వుకున్న అక్కా అప్పుడు. నా తల దీసి నాయిన రోగం చెప్పిండ్రు, భలే డాక్టర్లనుకున్న. దసరా కాడ నవ్వు ఆగిపోయింది."

"ఏమైంది దసరాకు?"

"జమ్మి ఆకు పంచుతుంటె ఎడమ చెయ్యి మూసుకోలే. గంతే. తెల్లారి మంచిగనే ఉండె. మల్ల వారానికి హ్యాండిల్ పట్టుకుంటె చెయ్యి దానంతట అదే మెలి తిరిగింది. అప్పుడు సమజయ్యింది, ఆ ఇనుము ఎవలదో."

"నెల దాటింది రా! నాయిన ఆ గోలీలు మింగుతనే ఉన్నడు!"

"పూటకోసారి చెప్పాలనుకుంటి అక్కా. చెప్తె నాది బయటపడ్తది. లగ్గం ఆగిపోతది, ఆటో ఆగిపోతది. రేపు చెప్త, ఎల్లుండి చెప్త అని... నాయినకు జ్వరం వచ్చిన కాన్నుంచి నాకు అన్నం పోతలేదు."

స్రవంతికి అతన్ని తిట్టాలనిపించింది. దగ్గరకు తీసుకోవాలనిపించింది. రెండూ చేతకాక కళ్లు మూసుకుంది. అంత అయోమయంలోనూ ఒక్క సంగతి మాత్రం తేటపడింది. మనిషి దొరికాడు. ఇవాళే దీపిక దగ్గరికి తీసుకుపోవాలి.

"ఆటో ఎవరికన్న అప్పజెప్పి దవాఖానకు రా. నువ్వు నడపకు. ఆ ఆడోళ్లను వేరే బండి ఎక్కియ్యి. సమజైందా?"

"వస్త," అన్నాడు. కానీ ఫోన్ పెట్టలేదు. "అక్కా, నువ్వు బాగనే ఉన్నవా?"

"నాకేమైంది?"

"పొద్దుగాల అమ్మ ఫోన్ల చెప్పింది. మల్ల చాయ్ గ్లాసు పడేసినవంట. ఈ వారంల మూడోదంట గద."

"నిద్ర లేక రా."

"నేను గూడ మొదట్ల గదే అనుకున్న అక్కా."

అతని తోబుట్టువులను కూడా చూడాలి, అంది దీపిక. పొద్దున ఆ మాట విన్నప్పుడు అది ఎవరి తోబుట్టువుల గురించో స్రవంతికి తెలియదు.

ఆమె కిందికి చూసింది. వంగపండు రంగు కొంగు ఎడమ పిడికిలిలో నలిగి ఉంది. సరిగ్గా అతుకు దగ్గర. అది నలిగిపోతుందని చెయ్యి వదులు చేయబోయింది.

వేళ్లు విచ్చుకోలేదు.

ఇంకోసారి ప్రయత్నించింది.